సెల్ఫ్ టిక్కుమంటుంది, తాడు కదలదు: పాత అవుట్‌బోర్డ్ ఇంజన్‌కి ముందు ఏం చూడాలి

ముందు మీ సంగతి క్లుప్తంగా మళ్లీ చెప్తాను, మిగతా చదివేవాళ్లకీ తెలియాలి కదా. ఉప్పాడలో ఫైబర్ బోటు. దానికి 40 హార్స్‌పవర్ యమహా అవుట్‌బోర్డ్ (బోటు వెనక బయట తగిలించే ఇంజన్), రెండు సిలిండర్ల టూ స్ట్రోక్, చేతి హ్యాండిల్‌ది. సెల్ఫూ ఉంది, లాగే తాడూ ఉంది. ఏప్రిల్ 15న వేట నిషేధం పడగానే బోటు ఒడ్డెక్కించి ఇంజన్ మీద టార్పాలిన్ కప్పేశారు. 61 రోజులయ్యాక తీసి తాళం తిప్పితే ఒక్క ‘టిక్’, మళ్లీ చప్పుడు లేదు. తాడు లాగితే జానెడు కూడా రావట్లేదు. బ్యాటరీకి మీటరు పెడితే 12.4 వోల్టులు. వచ్చి చూసిన మెకానిక్ ‘పిస్టన్ పట్టేసింది, ఇంజన్ మార్చుకోండి’ అన్నాడు. మీ నాన్నగారేమో సెల్ఫ్ మోటర్ కొత్తది వేస్తే సరిపోతుందంటున్నారు.

ఆ రెండు ఖర్చులూ ఇప్పుడే వద్దండి. పిస్టన్ పట్టేసి ఉండొచ్చు, కాదనను. కానీ స్పార్క్ ప్లగ్గులు విప్పకుండా, ఫ్లైవీల్ (ఇంజన్ తలమీద తిరిగే బరువైన చక్రం) మీద చెయ్యి వెయ్యకుండా ఆ మాట ఎవరూ చెప్పలేరు. నిషేధం ముందురోజు దాకా వేటకెళ్లిన ఇంజన్ అది. రెండు నెలల్లో పట్టేయడం జరగని పనేం కాదు. అయితే అంతకంటే చిన్న కారణాలు నాలుగైదు దానికంటే ముందు వరసలో ఉన్నాయి. వాటిని తేల్చడానికి పానాలు, ఒక మీటరు, ఒక పూట చాలు.

ఇంకొక మాట. ఇంజన్ తిరుగుతూ అంటుకోకపోవడం వేరు, అసలు తిరగకపోవడం వేరు. మీది రెండోది. కార్బురేటర్ కడగమనీ, పెట్రోలు మార్చమనీ, సీడీఐ (ప్లగ్గులకి స్పార్క్ ఇచ్చే డబ్బా) పోయిందనీ సలహా ఇచ్చేవాళ్లు చాలామంది వస్తారు. అవన్నీ ఇంజన్ తిరగడం మొదలెట్టాక చూసుకునేవి. చేతికి తగిలించుకునే ఎర్ర తాడు క్లిప్పు ఊడిపోయినా ఈ తరహా టూ స్ట్రోక్‌లో స్పార్క్ ఆగుతుందంతే, తిరగడం ఆగదు. దాన్నీ అనుమానించక్కర్లేదు.

మీ కేసులో అసలు ఆధారం సెల్ఫూ, తాడూ రెండూ ఒకేసారి మొరాయించడం. తాడు మామూలుగా వస్తూ సెల్ఫ్ ఒక్కటే కొట్టకపోతే అది కరెంటు గొడవ అని ఇక్కడ కూర్చునే చెప్పేయొచ్చు. తాడు రావడానికి బ్యాటరీతో పనిలేదు. కాబట్టి తాడుని పట్టుకున్నదేదో ముందు తేలాలి, కరెంటు సంగతి తర్వాత. తాడుని పట్టుకునేవాటిని తక్కువ ఖర్చు నుంచి ఎక్కువ ఖర్చుకి చెప్పుకుంటే ఇవి: గేరు లాక్, తాడు చుట్టుకుని ఉండే డబ్బా, ఫ్లైవీల్‌లో ఇరుక్కున్న సెల్ఫ్ పినియన్ (చిన్న పళ్లచక్రం), సిలిండర్లో నీళ్లు, కింద గేరు బాక్స్, ఆఖర్న పిస్టన్లు. మెకానిక్ ఆఖరిది ముందు చెప్పాడు.

పని మొదలుపెట్టే ముందు పెట్రోలు ట్యాంకు పైపు ఊడదీసి ట్యాంకుని దూరంగా పెట్టండి. పై కవరు తీసి పావుగంట గాలి ఆడనివ్వండి. బ్యాటరీ మైనస్ వైరు ఊడదీయండి. ఎర్ర క్లిప్పు కూడా తీసేయండి. బీడీ, సిగరెట్ ఎవరి చేతిలోనూ ఉండకూడదు. పాత ఇంజన్ కవరు కింద పెట్రోలు ఆవిరి నిలబడి ఉంటుంది, మనం చేయబోయే పనుల్లో నిప్పురవ్వ లేచేవి ఉన్నాయి.

గేరు లాక్‌తో మొదలుపెడదాం. గేరులో ఉండగా తాడు లాగితే బోటు ఒక్కసారిగా ముందుకి దూకుతుంది, నిలబడ్డ మనిషి నీళ్లలో పడతాడు. అందుకని గేరు లింకు దగ్గర్నుంచి ఒక సన్నటి కేబుల్ తాడు డబ్బా దాకా వస్తుంది. గేరు పడితే అది డబ్బాలోని చక్రానికి అడ్డంపడి తాడు రానివ్వదు. ఈ కేబుల్ రెండు నెలలు ఉప్పుగాలిలో ఊరికే ఉంటే గొట్టంలోపల తుప్పుపట్టి ఉన్నచోటే ఉండిపోతుంది. హ్యాండిల్ న్యూట్రల్ చూపిస్తుంటుంది, కేబుల్ మాత్రం గేరులోనే ఉందనుకుంటుంది. బోటుని గేరులో పెట్టి ఒడ్డెక్కించి వదిలేశారా, గుర్తుచేసుకోండి. చాలామంది ఫ్యాన్ (ప్రొపెల్లర్) తిరగకుండా ఉంటుందని అలా వదిలేస్తారు. అదే అయితే ఈ అనుమానం ఇంకా బలపడుతుంది. కేబుల్ తాడు డబ్బాని కలిసేచోట వేలితో నొక్కి చూడండి, గేరు మారుస్తుంటే అది అటూ ఇటూ జరగాలి. జరగకపోతే దొరికినట్టే.

గేరు నిజంగా న్యూట్రల్‌కి వచ్చిందా అన్నది హ్యాండిల్ చూసి నమ్మకూడదు. ఫ్యాన్ చేత్తో తిప్పి చూడాలి. న్యూట్రల్లో అది రెండు పక్కలా తేలిగ్గా తిరగాలి. తిరక్కపోతే ఫ్యాన్ విప్పి దాని వెనక వాషర్ దగ్గర చూడండి. నైలాన్ వల దారం చుట్టుకుని, నెలల తరబడి వేడికి కరిగి, గట్టిపడి, సీల్‌లోకి దిగిపోయి ఉంటుంది. బయటికి ఏమీ కనపడదు. సన్నటి కొక్కెంతో ఒక్కో పోగూ లాగుతుంటే గుప్పెడు వస్తుంది. ఆ సీల్ తెగితే గేరు ఆయిల్లోకి నీళ్లు దిగుతాయి, ఆ సంగతి కింద చెప్తాను.

తర్వాత తాడు డబ్బా మొత్తంగా విప్పండి. మామూలుగా మూడు బోల్టులే ఉంటాయి. ఎత్తి పక్కన పెట్టి, డబ్బా చేతిలో ఉండగా తాడు లాగి చూడండి. అప్పుడు హాయిగా వచ్చి హాయిగా వెనక్కిపోతే డబ్బా తప్పులేదు. అప్పుడూ రాకపోతే స్ప్రింగ్ తెగి ఉండొచ్చు, లేదా లాక్ పట్టుకుని ఉండొచ్చు. లోపలి చక్రం మాత్రం మీరు విప్పకండి. దాని కింద చుట్టుకుని ఉన్న స్ప్రింగ్ పట్టీ ఒక్కసారి విడిపోతే మొహం కోసేస్తుంది. చేతులకి తొడుగు, కళ్లకి అద్దాలు, ముందు చేసిన అలవాటు ఉన్న మనిషి కావాలి.

ఇప్పుడు ఫ్లైవీల్ బయటపడింది. దాన్ని తిప్పేముందు దాని అంచు పళ్ల దగ్గర చూడండి. పక్కనే సెల్ఫ్ మోటర్ నిలువుగా ఉంటుంది, దాని తలమీద చిన్న పళ్లచక్రం, అదే పినియన్. మామూలుగా అది కిందికి దిగి ఫ్లైవీల్‌కి ఎడంగా ఉండాలి. మీ ఇంజన్లో అది పైకెక్కి ఫ్లైవీల్ పళ్లలో ఇరుక్కుని ఉందేమో చూడండి. నా అనుమానం అన్నిటికంటే దీనిమీదే ఎక్కువ. ఎందుకంటే మీరు చెప్పిన రెండు లక్షణాల్నీ ఇది తేలిగ్గా కలిపి చెప్పగలదు. ఏప్రిల్లో ఆఖరిసారి సెల్ఫ్ కొట్టినప్పుడో, మొన్న తాళం తిప్పినప్పుడో పినియన్ పైకెక్కింది. షాఫ్టు మరల (స్క్రూ గాళ్ల) మీద పాత గ్రీజు ఉప్పుతో, ఇసుకతో కలిసి గట్టిపడి దాన్ని దిగనివ్వలేదు. లోపల సెల్ఫ్ కూడా తుప్పుతో బిగిసి ఉంటే ఇంక ఫ్లైవీల్‌ని అదే పట్టుకుంటుంది, తాడు రాదు. సెల్ఫ్ తనను తాను తిప్పుకోలేదు కాబట్టి తాళం తిప్పితే రిలే (సెల్ఫ్‌కి కరెంటు కలిపే స్విచ్) ‘టిక్’ అని ఊరుకుంటుంది. చూసేవాడికి పిస్టన్ పట్టేసినట్టే ఉంటుంది.

అలా ఇరుక్కుని ఉంటే స్క్రూడ్రైవర్ పెట్టి కొట్టకండి. సెల్ఫ్‌ని పట్టుకున్న బోల్టులు వదులు చేస్తే మోటర్ కొంచెం పక్కకి జరిగి పినియన్ దానంతటదే విడిపోతుంది. ఆ వెంటనే ఫ్లైవీల్ తిరిగితే మీ పని సగం అయినట్టు.

పినియన్ కిందే ఉంటే అప్పుడు ప్లగ్గుల వంతు. 21 సైజు ప్లగ్ పానాతో రెండూ విప్పండి. ప్లగ్ వైర్లని ఊరికే వేలాడేయకుండా ఇంజన్ బాడీకి తగిలించి పెట్టండి. గాల్లో ఉన్న వైరుకి స్పార్క్ పోవడానికి దారి లేకపోతే సీడీఐకీ కాయిల్‌కీ దెబ్బ, పైగా పెట్రోలు తడి పక్కనే నిప్పురవ్వ. ప్లగ్ రంధ్రాల మీద ఒక గుడ్డ వేసి, మొహం పక్కకి పెట్టి, ఫ్లైవీల్‌ని రెండు చేతులతో తిప్పండి. పైనుంచి చూస్తే గడియారం ముళ్లు తిరిగే వైపుకే. ఉల్టా తిప్పితే కింద నీళ్ల పంపు ఇంపెల్లర్ రబ్బరు రెక్కలు మడతపడి విరుగుతాయి. పాత రబ్బరు అసలే పెళుసుగా ఉంటుంది.

ప్లగ్గులు ఉన్నప్పుడు కదలని ఇంజన్ ప్లగ్గులు తీశాక తిరిగితే, గుడ్డ తడిస్తే, సిలిండర్లో ద్రవం ఉందన్నమాట. గుడ్డ వాసన చూడండి. పెట్రోలైతే కార్బురేటర్ ఫ్లోట్ సూది కారింది. నీళ్లైతే నాకితే తెలిసిపోతుంది ఉప్పో, వాననీళ్లో. పాత మెకానిక్‌లు అలాగే చేస్తారు, నేను మాత్రం చెయ్యమనను. ఉప్పునీళ్లు ఎలా వస్తాయంటే, ఇంజన్ బోటు నుంచి విప్పి ఇసుకలో పడుకోబెట్టేటప్పుడు ఫ్యాన్ వైపు ఎత్తుగా, తల వైపు పల్లంగా పెడతారు. నడుములో నిలిచిన నీళ్లు పొగ దారిగుండా వెనక్కి వచ్చి సిలిండర్లో కూర్చుంటాయి. ఇంజన్ ఎప్పుడూ తల పైకి ఉండేలా ఆనించాలి. నీళ్లున్న సిలిండర్ మీద సెల్ఫ్ బలవంతంగా కొడితే నీళ్లు నలగవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మీ సెల్ఫ్ ఇన్నాళ్లూ ‘టిక్’తో ఆగిపోవడం అలాంటప్పుడు మేలే చేసింది. నీళ్లు తీసేశాక ఆ రోజే సిలిండర్లలోకి కాస్త టూ స్ట్రోక్ ఆయిల్ పోసి బాగా తిప్పండి, తెల్లారేదాకా ఆగితే తుప్పు మొదలవుతుంది. లోపలికి నీళ్లెలా వచ్చాయో తేలేదాకా దాన్ని సముద్రంలోకి తీసుకెళ్లకండి. హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ మూత కింద ఉండే పలక) పోయి వచ్చినవైతే మళ్లీ వస్తాయి.

ప్లగ్గులు తీసినా ససేమిరా అంటే, తప్పు పైన ఇంజన్లోనా, కింద గేరు బాక్స్‌లోనా అని విడదీయాలి. కింద గేరు ఆయిల్ డ్రెయిన్ స్క్రూ కొంచెం వదులు చేయండి. ముందుగా నీళ్లు కారినా, తెల్లగా పాలలాంటి ఆయిల్ వచ్చినా సీల్ పోయింది, లోపల బేరింగులు తుప్పుపట్టి బిగిసి ఉండే అవకాశం ఉంది. అప్పుడు గేరు రాడ్ జాయింటు విప్పి, చుట్టూ ఉన్న బోల్టులు తీసి గేరు బాక్స్‌ని కిందికి దించండి. ఉప్పుకి పట్టేసిన బోల్టుని ఒకే ఊపున తిప్పితే తల తెగి చేతికొస్తుంది. వేడిచేసి, ఆయిల్ పెట్టి, కాస్త బిగించి కాస్త విప్పుతూ తీయాలి. పెట్రోలు పైపులు, ట్యాంకు దగ్గర లేకుండా చూసుకునే మంట పెట్టండి. గేరు బాక్స్ దిగాక ఫ్లైవీల్ తిరిగితే పిస్టన్లకి ఏ రోగమూ లేదు. ఎలాగూ దించారు కాబట్టి ఇంపెల్లర్ కొత్తది వేసేయండి.

ఈ దారిలో ఎక్కడో ఒకచోట ఫ్లైవీల్ చేత్తో తిరిగిందనుకుందాం. ఇప్పుడు సెల్ఫ్ సంగతి. ఇక్కడే ఎక్కువ డబ్బు అనవసరంగా పోతుంది, కాబట్టి కొంచెం ఓపికగా చదవండి.

మీరు చెప్పిన 12.4 నిజమైన కొలతే, కానీ దానివల్ల తెలిసేది తక్కువ. ఏ పనీ చెయ్యకుండా కూర్చున్న బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 పైన ఉండాలి. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12కి దిగితే దాదాపు ఖాళీ. సెల్ఫ్‌కి వంద ఆంపియర్లకి అటూ ఇటూ కావాలి. ఆ కరెంటు పోయే దారిలో ఎక్కడైనా చిలుము పట్టి ఓమ్‌లో యాభయ్యో వంతు అడ్డు వచ్చినా అక్కడే రెండు వోల్టులు పోతాయి. అదే దారిలో ఒక చిన్న బల్బు హాయిగా వెలుగుతుంది. అందుకే ‘లైటు వెలుగుతోంది, బ్యాటరీ బాగానే ఉంది’ అన్న మాటకి విలువలేదు. ఒక్కరు పట్టే సందులోంచి మనిషి పోతాడు గానీ ఊరేగింపు పోదు.

కాబట్టి కొలవాల్సింది సెల్ఫ్ కొడుతుండగా. బ్యాటరీ మైనస్ మళ్లీ తగిలించండి. ప్లగ్గులు విప్పే ఉండాలి, ప్లగ్ వైర్లు బాడీకి తగిలించే ఉండాలి, గేరు న్యూట్రల్లో. మీటరు 20 డీసీ మీద పెట్టి, ముళ్లని బ్యాటరీ సీసం గుబ్బలకే ఆనించండి, వాటిమీద బిగించిన క్లాంపులకి కాదు. ఒకరు తాళం తిప్పి పట్టుకుంటే మీరు అంకె చూడండి. తిరక్కపోతే రెండు మూడు క్షణాల్లో వదిలేయాలి, లేదంటే మోటర్ కాలుతుంది.

‘టిక్’ అన్నప్పుడు అంకె 12.4 నుంచి ఆరు, ఏడుకి పడిపోతే బ్యాటరీలో సత్తా లేదు, ముందు దాన్ని రాత్రంతా ఛార్జింగ్ పెట్టి మళ్లీ చూడాలి. అయినా పడిపోతే ఒక సెల్ పోయింది. నీళ్లు పోసే రకం బ్యాటరీ అయితే హైడ్రోమీటరుతో (బ్యాటరీ యాసిడ్ చిక్కదనం చూపేది) ఒక్కో సెల్ చూడండి, నిండు ఛార్జింగ్‌లో 1.265 దగ్గర ఉండాలి, ఒక్కటే బాగా కిందుంటే అదే దొంగ. అంకె పదీ పదకొండు మధ్య ఆగి మోటర్ మాత్రం కదలకపోతే కరెంటు మోటర్‌లోకి వెళ్తోంది, మోటరే బిగిసి ఉంది. అంకె 12.3 దగ్గరే అసలు కదలకపోతే కరెంటు వెళ్లడమే లేదు. రిలే లోపలి పాయింట్లో, లావు వైరో, సెల్ఫ్ కార్బన్ బ్రష్‌లో తెగి ఉంది. ఈ ఒక్క కొలతతో మీ అనుమానాల్లో మూడింట రెండొంతులు తీరిపోతాయి. సెల్ఫ్ కొనాలో వద్దో ఇది చూశాకే చెప్పగలం.

అసలు ‘టిక్’ కూడా రానివాళ్లకి దారి వేరు. అప్పుడు మెయిన్ ఫ్యూజు, తాళం స్విచ్, న్యూట్రల్ స్విచ్ (గేరులో ఉంటే సెల్ఫ్ కొట్టనివ్వనిది) చూడాలి. యమహాలో తాళం నుంచి రిలేకి వచ్చే స్టార్ట్ వైరు గోధుమరంగుది. తాళం తిప్పి పట్టుకున్నప్పుడు దానిమీద 12 వోల్టులు రావాలి. రాకపోతే తప్పు రిలేకి ముందు ఉంది, వస్తే రిలేలో గానీ దాని నల్ల ఎర్త్ వైరులో గానీ ఉంది. మీకు ‘టిక్’ వస్తోంది కాబట్టి ఈ దారంతా బాగున్నట్టే. ఒక్క తిరకాసు: పాత బోట్లలో న్యూట్రల్ స్విచ్ పాడైతే దాని రెండు వైర్లూ కలిపి టేపు చుట్టేస్తుంటారు. మీదాంట్లో అలా ఉంటే గేరులో ఉన్నా ‘టిక్’ వస్తుంది. చూసి సరిచేయించండి, పిల్లలు ఎక్కే బోటు అయితే మరీను.

కరెంటు వెళ్లట్లేదని తేలితే దారి వెంట వెతకాలి. తాళం తిప్పి పట్టుకుని, మీటరు ముళ్లని రిలే మీదున్న రెండు లావు బోల్టులకి చెరొకటి ఆనించండి. రిలే పాయింట్లు కలిస్తే అక్కడ సున్నాకి దగ్గరగా చూపాలి. ‘టిక్’ అన్నా పన్నెండు వోల్టులూ అక్కడే కనిపిస్తే రిలే చచ్చింది, అదొక్కటి మారిస్తే చాలు. రిలే బాగుంటే బ్యాటరీ ప్లస్ గుబ్బ నుంచి సెల్ఫ్ లావు బోల్టు దాకా, తర్వాత బ్యాటరీ మైనస్ గుబ్బ నుంచి ఇంజన్ బాడీ మీద గీకిన చోటు దాకా కొలవండి. ఒక్కో వైపు అర వోల్టుకి మించి పోకూడదు. చాలాసార్లు మైనస్ వైపే రెండు మూడు వోల్టులు పోతుంటాయి. ప్లస్ వైపుని అందరూ గీకుతారు, ఎర్త్‌ని ఎవరూ పట్టించుకోరు.

ఎర్త్ వైరు బోల్టు విప్పి చూడండి. పైకి బిగువుగానే ఉంటుంది. రింగు ఎత్తితే కింద అల్యూమినియం మీద తెల్లటి పొడి, రింగు మీద ఆకుపచ్చ చిలుము. వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, మెరిసేదాకా గీకి, బిగించాక పైన వేజ్‌లీన్ రాయండి. బిగించకముందు కాదు. రింగు దగ్గర వైరుని వంచి చూడండి, ఇసుక నలిగినట్టు కరకరమంటే లోపల రాగి పోగులు చచ్చాయి. తొడుగుని అంగుళం కోస్తే రాగి నల్లగా కనిపిస్తుంది. అక్కడ కొత్త రింగు వేసి లాభంలేదు, నలుపు మీద టంకం కూడా అతకదు. మెరిసే రాగి వచ్చేదాకా కోస్తూ పోవాలి, లేదంటే మొత్తం వైరే మార్చాలి. తగరం పూత ఉన్న మెరైన్ వైరు దొరికితే అదే వేయండి, ఖరీదెక్కువైనా ఉప్పుగాలికి అదే ఆగుతుంది. బ్యాటరీ మీద చేత్తో తిప్పే రెక్కల నట్లుంటే తీసేసి పానాతో బిగించేవి వేయండి. అలలకి బోటు కొట్టుకుంటుంటే రెక్కల నట్లు వాటంతటవే వదులవుతాయి.

సెల్ఫ్ మోటరే బిగిసిందని తేలినా కొత్తది కొనే ముందు విప్పించి చూడండి. ఇందుకు బోటు మెకానిక్కే అక్కర్లేదు, కార్ల సెల్ఫ్‌లు బాగుచేసే ఆటో ఎలక్ట్రీషియన్ చాలు, కాకినాడలో దొరుకుతారు. ఆయనకి మాత్రం రెండు సంగతులు ముందే చెప్పండి. ఒకటి, దీనిలోపల కాయిల్ కాదు, అయస్కాంతాలుంటాయి. కార్ల పాత సెల్ఫ్‌ల మీద సుత్తితో కొట్టే అలవాటు ఇక్కడ చూపిస్తే అయస్కాంతం పగిలి ముక్క ఆర్మేచర్‌కి (లోపల తిరిగే భాగానికి) అడ్డంపడుతుంది. మీరూ ఒడ్డున సుత్తి ఎత్తకండి. రెండు, విప్పేముందు పై మూతకీ, గొట్టానికీ, కింది మూతకీ కలిపి ఒక గీత గీయాలి. గొట్టం తలకిందులుగా బిగిస్తే మోటర్ ఉల్టా తిరుగుతుంది.

లోపల మామూలుగా కనిపించేది కార్బన్ పొడి, తుప్పునీళ్ల మరక, అరిగిన బ్రష్‌లు. బ్రష్‌లు మార్చి, కమ్యుటేటర్‌ని (బ్రష్‌లు ఆనే రాగి పట్టీల భాగాన్ని) సన్నటి గాజు కాగితంతో రుద్దాలి. ఎమెరీ కాగితం వద్దు, దాని పొడి కరెంటుని పోనిచ్చేది, రాగి పట్టీల మధ్య ఇరుక్కుంటే ఒకదానికొకటి కలిపేస్తుంది. పట్టీల మధ్య గాళ్లు సన్నటి రంపపు పలకతో శుభ్రం చేయించండి. పినియన్ కూర్చునే మరల షాఫ్టుని కిరోసిన్‌తో కడిగి, ఆరాక పల్చటి ఆయిల్ రెండు చుక్కలు. గ్రీజు దట్టంగా పూసి ‘బాగా జారుతుంది’ అని ఇస్తే తీసుకోకండి. మీ పినియన్ ఇరుక్కుందంటే ఎప్పుడో ఎవరో అలా పూసినదే కారణం అయ్యుండొచ్చు.

రిలే కొనాల్సివస్తే ట్రాక్టరుదో కారుదో సగం ధరకి తగిలిస్తామనే వాళ్లుంటారు. తిరుగుతుంది, అబద్ధం కాదు. కానీ దాని పెట్టె గాలి చొరబడకుండా మూసి ఉండదు. కవరు కింద పెట్రోలు ఆవిరి ఉన్నచోట లోపల నిప్పురవ్వ లేచే వస్తువది. వేట మధ్యలో ఒడ్డుకి చేరడానికైతే సరే, శాశ్వతంగా మాత్రం వద్దు.

ఇక మెకానిక్ చెప్పిందే నిజమైతే. గేరు బాక్స్ విడదీశారు, పినియన్ విడిగా ఉంది, ప్లగ్గులు తీసేశారు, అయినా ఫ్లైవీల్ కదలట్లేదు. అప్పుడు కూడా ఇంజన్ పారేయడానికి తొందరలేదు. ఫోనుకి తగిలించే చిన్న కెమెరా గొట్టం ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతుంది, ప్లగ్ రంధ్రంలోంచి చూడండి. సిలిండర్ గోడ మీద ఎర్ర తుప్పు పొర ఒక్కటే అయితే నానబెడితే విడుస్తుంది. గోడ మీద నిలువుగా లోతు గీతలు, అల్యూమినియం మరకలు ఉంటే అది వేడెక్కి పట్టేసింది, విడిపించినా బోరు పని (సిలిండర్ లోపలి గోడ మళ్లీ చెక్కించడం) తప్పదు.

తుప్పుకైతే ఆటోమేటిక్ గేర్లకి పోసే ఏటీఎఫ్ ఆయిల్, అసిటోన్ సమపాళ్లలో కలిపి రెండు సిలిండర్లలోనూ పోయండి. అసిటోన్ నిప్పుకి పెట్రోలంత ప్రమాదం, బయట గాల్లోనే చేయండి. దొరక్కపోతే డీజిల్ కూడా పనిచేస్తుంది, ఆలస్యంగా. నాలుగైదు రోజులు నాననివ్వాలి, రోజూ కాస్త పోస్తుండాలి. ఆ తర్వాత ఫ్లైవీల్ నట్టుకి పానా వేసి బిగించే వైపుకే మెల్లగా బరువు పెట్టండి. వెంట్రుకవాసి కదిలినా చాలు, మళ్లీ నానబెట్టి మళ్లీ చూడండి. ఇద్దరు ముగ్గురు చేరి తాడుకి వేలాడటం, ఫ్లైవీల్ పళ్లలో గునపం పెట్టి ఎత్తడం వద్దు. పళ్లు విరుగుతాయి, ఫ్లైవీల్ లోపలి అయస్కాంతాలు పగులుతాయి, అప్పుడు నిజంగానే ఇంజన్ పోతుంది.

విడిచాక కంప్రెషన్ గేజ్ (సిలిండర్లో ఒత్తిడి చూపే మీటరు) పెట్టించండి. రెండు సిలిండర్లకీ తేడా పది శాతం లోపు ఉంటే వాడుకోవచ్చు. ఒకటి బాగా తక్కువైతే రింగులు అతుక్కున్నాయి లేదా బోరు గీసుకుపోయింది. ఇలాంటి ఇంజన్లకి 0.25, 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజు పిస్టన్లు వస్తాయి. బోరు చేయించి అవి వేస్తే అయ్యే ఖర్చుని మార్కెట్లో పాత ఇంజన్ ధరతో పోల్చి చూసుకోండి. నా ఉద్దేశంలో గేరు బాక్స్ బాగున్నప్పుడే బోరు పనికి డబ్బు పెట్టాలి. పైనా కిందా రెండూ పోయిన ఇంజన్ మీద మాత్రం పెట్టొద్దు.

తిరగడం మొదలయ్యాక ఆ ఉత్సాహంలో ఒడ్డు మీదే ఊరికే స్టార్ట్ చేసి చూడకండి. నీళ్లు లేకుండా తిప్పితే ఇంపెల్లర్ క్షణాల్లో మాడుతుంది. పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములో మంచినీళ్లు నింపి, నీళ్లు లాక్కునే జల్లెడ పూర్తిగా మునిగేలా ఇంజన్ దించి అప్పుడే. వెనక సన్నటి ధార రావాలి, ఒక నిమిషంలో రాకపోతే ఆపేయండి. పాత పెట్రోలు పారబోసి కొత్తది పోయండి. సిలిండర్లు నానబెట్టిన ఇంజనైతే మొదటి ట్యాంకుకి ఆయిల్ మామూలుగా కలిపే 50కి 1 బదులు 25కి 1 కలపండి. పొగ ఎక్కువొస్తుంది, కంగారుపడొద్దు.

వచ్చే ఏప్రిల్లో ఇంజన్ పక్కన పెట్టేటప్పుడు అదే డ్రమ్ములో మంచినీళ్లతో కాసేపు తిప్పి, పెట్రోలు పైపు ఊడదీసి కార్బురేటర్లో ఉన్నది అయిపోయి ఆగేదాకా ఉంచండి. ప్లగ్గులు తీసి కాస్త ఆయిల్ పోసి, వారానికోసారి ఫ్లైవీల్ ఒక చుట్టు తిప్పమని ఇంట్లో ఎవరికైనా అప్పజెప్పండి. బ్యాటరీ ఇంటికి తెచ్చుకుని నెలకోసారి ఛార్జింగ్ పెట్టండి.

ఇప్పటికైతే మూడు సంగతులు చూసి రాయండి: పినియన్ ఎక్కడ ఉంది, ప్లగ్గులు తీశాక ఫ్లైవీల్ ఎంత తిరిగింది, ‘టిక్’ అన్నప్పుడు బ్యాటరీ గుబ్బల మీద అంకె ఎంతకి పడింది. రిలే, దాని వైర్లు కనిపించేలా ఒక ఫోటో కూడా పెడితే ఏది విప్పాలో, ఏది ముట్టుకోకూడదో చెప్తాను.